తివాచీ గదుల తలుపులకు ఇంట్లో కుట్టుకునే డోర్ స్టాపర్లు

మన సంఘానికి దాతలు ఇచ్చే వస్తువుల్లో తివాచీలు ముందు వరుసలో ఉంటాయి. నమాజు హాలుకు ఒకరు, ఖుర్ఆన్ తరగతి గదికి ఒకరు, ఆడపిల్లల చదువు గదికి ఇంకొకరు, పేరు కూడా చెప్పవద్దని కోరి మరీ ఇచ్చి వెళతారు. తివాచీ పరిచిన రోజున అందరూ దాని రంగు చూస్తారు, మెత్తదనం చూస్తారు. ఆ గది తలుపును మాత్రం ఎవరూ చూడరు. తీరా వారం తిరిగేసరికి గదిలో ముందుగా ఇబ్బంది పెట్టేది ఆ తలుపే. అంతవరకు దాన్ని ఆపిన ఇటుక ముక్క ఇప్పుడు పనికిరాదు. బజారులో కొన్న రబ్బరు ముక్క జారిపోతుంది. గాలి వీచినప్పుడల్లా తలుపు ధడాలున మూసుకుంటుంది.

దీనికి ఇంట్లోనే, కుట్టుమిషను మీద మిగిలిన గుడ్డలతో చేసుకోగల పరిష్కారం ఉంది. అది ఎలా చేయాలో, ఎందుకు పనిచేస్తుందో ఈ వ్యాసంలో వివరిస్తున్నాము. చిన్న విషయమే కదా అనిపించవచ్చు. అయితే చిన్నపిల్లలు, వృద్ధులు రోజూ తిరిగే గదుల్లో ఇది చిన్న విషయం కాదు.

తలుపు కొట్టుకుంటే నష్టం ఎవరికి?

మొదటి నష్టం పిల్లల వేళ్లకు. తలుపు సందులో వేలు పడిన పిల్లలను బడిలో మేము చూస్తూనే ఉంటాము. ఏడుపు పావుగంటలో ఆగుతుంది. కానీ నల్లబడిన గోరు ఊడి, కొత్త గోరు పూర్తిగా రావడానికి నెలలు పడుతుంది. కుడిచేతి వేలైతే ఆ బిడ్డ పెన్సిలు పట్టలేదు. దెబ్బ గట్టిగా తగిలితే వేలి కొస ఎముక కూడా చిట్లవచ్చు.

ఇందులో పెద్దలు గమనించని సంగతి ఒకటుంది. గడియ ఉండే అంచు కంటే బందులు ఉండే వైపే ఎక్కువ ప్రమాదం. బడిలో చెప్పే తులాదండం పాఠమే దీనికి కారణం. తలుపు వెడల్పు 90 సెంటీమీటర్లు అనుకుందాం. బందుకు 3 సెంటీమీటర్ల దూరంలో సందులో పాప వేలు ఉంది. బయటి అంచు దగ్గర ఎవరో ఒక కిలో బరువంత బలంతో నెట్టారు. 90ని 3తో భాగిస్తే 30. అంటే ఆ వేలి మీద సుమారు 30 కిలోల బరువంత ఒత్తిడి పడుతుంది. నెట్టినవారికి తాము నెట్టినట్టే అనిపించదు. గాలి నెట్టినా లెక్క ఇదే.

రెండో నష్టం వృద్ధులకు. చేతికర్రతో, లేదా నమాజుకు వేసుకునే కుర్చీ పట్టుకుని వచ్చేవారికి తలుపు తెరవడానికి ఖాళీ చెయ్యి ఉండదు. సగం లోపలికి వచ్చాక తలుపు వెనక్కి వస్తే భుజానికి తగులుతుంది, తూలిపడతారు. చంటిబిడ్డను ఎత్తుకుని మహిళల హాలుకు వచ్చే తల్లులదీ ఇదే ఇబ్బంది.

మూడోది కంటికి కనిపించని నష్టం. సహాయం కోరి మన ఆఫీసుకు వచ్చేవారిలో ఎక్కువమంది మొహమాటస్తులు. పింఛను కాగితం చేతబట్టుకుని వచ్చిన వితంతువు మూసిన తలుపు చూసి లోపల ఏదో మీటింగు జరుగుతున్నదనుకుంటుంది. వరండాలో కాసేపు నిలబడి వెళ్లిపోతుంది. తలుపు వేసింది మనం కాదు, గాలి. ఆ సంగతి ఆమెకు ఎలా తెలుస్తుంది? జకాత్ అందవలసిన మనిషి గుమ్మం దాకా వచ్చి వెనుదిరగడం కంటే సంఘానికి వేరే లోటు ఏముంటుంది?

ఇక తలుపుకు, గోడకు, బందులకు జరిగే నష్టం సరే సరి. రోజుకు పదిసార్లు కొట్టుకునే తలుపుకు బందుల స్క్రూలు వదులవుతాయి. తలుపు కిందికి దిగి తివాచీని రాస్తుంది. దాత ఇచ్చిన తివాచీ గుమ్మం దగ్గర అరచేతి మేర ముందుగా చిరిగేది ఇలాగే.

నాపరాయి మీద ఆగినది తివాచీ మీద ఎందుకు ఆగదు?

రబ్బరు ముక్క తలుపు కింద ఇరుక్కుని, నేలను గట్టిగా అదిమి పట్టుకుంటుంది. నాపరాయి, మార్బుల్, టైల్స్ గట్టి నేలలు కాబట్టి ఆ పట్టు నిలుస్తుంది. తివాచీలో నేలకు, రబ్బరుకు మధ్య మెత్తని నూలు కుచ్చు ఉంటుంది. తలుపు నెట్టగానే కుచ్చు వంగిపోతుంది, రబ్బరు ముక్క దానిమీద జారిపోతుంది. పైగా తివాచీ వేశాక తలుపు కింది సందు తగ్గిపోతుంది. రబ్బరు ముక్కలో పలుచని కొన మాత్రమే లోపలికి పోతుంది.

ఇటుక పెడితే ఎర్రపొడి రాలి తివాచీకి పట్టేస్తుంది. గరుకు రాయి నూలు పోగులను లాగేస్తుంది. ఇనుప తూకపురాయి పెడితే, ఉజూ చేసి వచ్చినవారి తడికాళ్ల చెమ్మకు తుప్పు పట్టి మరక పడుతుంది. ఆ మరక పోవడం కష్టం. కొందరు చెక్కముక్కకు కింద మేకులు కొట్టి పెడతారు. అందరూ చెప్పులు విడిచి నడిచే గదిలో ఆ పని ఎన్నడూ చేయవద్దు.

కాబట్టి తివాచీ మీద ఇరికించే పద్ధతి కాకుండా బరువుతో ఆపే పద్ధతి కావాలి. ఆ బరువు మెత్తగా ఉండాలి, అడుగు వెడల్పుగా ఉండాలి. గుడ్డలో కట్టిన ఇసుక ఈ మూడింటికీ సరిపోతుంది.

ఎంత బరువు? ఎక్కడ పెట్టాలి?

తివాచీ మీద ఉన్న గుడ్డసంచిని పక్కకు జరపడానికి ఎంత బలం కావాలన్నది గుడ్డను బట్టి, తివాచీని బట్టి మారుతుంది. సంచి బరువులో సగం అనుకుని లెక్క వేసుకుంటే చాలు. రెండున్నర కిలోల సంచి సుమారు ఒకటింబావు కిలోల నెట్టుడుకు తట్టుకుంటుంది. ఇళ్లలో ఉండే ఫ్లష్ డోర్లకు ఇది సరిపోతుంది. పాత టేకు తలుపులకు మూడున్నర, నాలుగు కిలోలు కావాలి.

బరువు ఎంత ఉన్నా పెట్టే చోటు ముఖ్యం. సంచిని బందుల దగ్గర పెడితే దండగ. తలుపు బయటి అంచు దగ్గర, అంటే గడియ ఉండే కొస దగ్గర పెట్టాలి. అంచు దగ్గర పెట్టిన 2 కిలోలు, తలుపు మధ్యలో పెట్టిన 4 కిలోలతో సమానం. పిల్లల వేలిని నలిపే తులాదండమే ఇక్కడ మనకు సాయపడుతుంది.

పరీక్ష కూడా సులువే. సంచి పెట్టి, కిటికీలన్నీ తెరిచి, ఫ్యాను పూర్తిగా తిప్పి, తలుపును ఒక వేలితో లాగి చూడండి. కదలకపోతే చాలు.

ఒంటి సంచి

పూర్తయ్యాక 20 సెంటీమీటర్ల పొడవు, 10 వెడల్పు, 8 ఎత్తు ఉండే సంచి కుడదాము. చూడటానికి ఇటుకలా ఉంటుంది. ఇందులో లీటరున్నరకు కాస్త పైగా ఇసుక పడుతుంది. ఎండిన ఇసుక లీటరు సుమారు 1.6 కిలోలు తూగుతుంది కాబట్టి సంచి దాదాపు రెండున్నర కిలోలు అవుతుంది.

కావలసినవి: పాత జీన్స్ ప్యాంటు గానీ, సోఫా గుడ్డ ముక్కలు గానీ, గట్టి కాన్వాసు గానీ, లోపలి సంచికి మందపాటి పాలిథిన్ సంచి, దానిపైన మరో గుడ్డసంచి, 15 సెంటీమీటర్ల జిప్పు, గట్టి దారం, ఇసుక.

ఇసుక గురించి ముందు చెప్పాలి. ఇల్లు కట్టే చోట మిగిలిన ఇసుక రెండు డొక్కులు అడిగితే ఎవరూ కాదనరు. దాన్ని జల్లించి, పట్టా మీద పలుచగా పరిచి, రెండు రోజులు మంచి ఎండలో ఆరబెట్టాలి. తడి ఇసుక నింపితే సంచి బూజు పడుతుంది, తివాచీకి వాసన పడుతుంది. సముద్రపు ఇసుక వద్దు. అందులోని ఉప్పు గాలిలోని చెమ్మను పీల్చుకుంటూనే ఉంటుంది. ఇసుక దొరకకపోతే కడిగి ఆరబెట్టిన సన్నకంకర వాడవచ్చు. కొందరు బియ్యం, పప్పులు నింపుతారు. అన్నం గింజను కాళ్ల దగ్గర బరువుగా వాడటం మనకు తగదు, పైగా పురుగు పట్టి ఎలుకలు చేరతాయి.

కత్తిరింపు: అన్ని వైపులా ఒక్కొక్క సెంటీమీటరు కుట్టుకు వదలాలి. పైముక్క, అడుగుముక్క 22 × 12 చొప్పున రెండు. పొడవు పక్కలకు 22 × 10 చొప్పున రెండు. కొసలకు 12 × 10 చొప్పున రెండు. పట్టుకునే పట్టీకి 28 × 8 ముక్క ఒకటి. అడుగుముక్కకు గోనె గానీ జీన్స్ గానీ వాడాలి. రెక్సిన్, నైలాన్ వంటి నున్నని గుడ్డ అడుగున వేస్తే జారుతుంది.

కుట్టు: పట్టీ ముక్కను నాలుగు మడతలు పెట్టి 2 సెంటీమీటర్ల వెడల్పున కుట్టండి. అడుగుముక్కకు, ఒక పొడవు పక్కకు మధ్య జిప్పు వేయండి. పైముక్క రెండు కొసల దగ్గర పట్టీని లోపలికి పెట్టి, కొసముక్కలతో కలిపి కుట్టండి. పట్టీ కొంచెం వదులుగా పైకి లేచి ఉండాలి, అప్పుడే నాలుగు వేళ్లు దూరతాయి. తర్వాత నాలుగు పక్కలనూ ఒకదానికొకటి కలిపి, అడుగుముక్క కుట్టి, జిప్పులోంచి తిరగేయండి. మిషనుకు 16 నంబరు సూది వేయండి. జీన్స్ మడతలు ఎక్కువైన చోట 18 నంబరు కావాలి. ప్రతి కుట్టునూ రెండుసార్లు వేయండి. బరువు మోసేది ఆ కుట్లే.

నింపడం: ఇసుకను పాలిథిన్ సంచిలో పోసి, గాలి తీసి, మూతి గట్టిగా కట్టి, దాన్ని గుడ్డసంచిలో పెట్టి కుట్టేయండి. బిగబట్టి నింపవద్దు. పదింట ఒక వంతు ఖాళీ ఉంచండి. అప్పుడు సంచి తలుపు అడుగుకు ఒదిగి కూర్చుంటుంది. బిగిసిపోయిన సంచి రాయిలాగే దొర్లుతుంది. పై తొడుగు మాసినప్పుడు జిప్పు తీసి ఉతుక్కోవచ్చు.

జోడు సంచి

తలుపు మూసుకోవడమే కాదు, అటు గోడకు కొట్టుకోవడం కూడా సమస్య అయిన చోట జోడు సంచి మంచిది. 25 సెంటీమీటర్ల పొడవున రెండు గొట్టపు సంచులు కుట్టి, వాటి మధ్య 4 సెంటీమీటర్ల వెడల్పు గుడ్డపట్టీ వేయాలి. పట్టీ తలుపు కింద దూరుతుంది, సంచులు చెరో పక్కన ఉంటాయి. ఒక్కో సంచిలో కిలోన్నర ఇసుక చాలు. తలుపు ఎటూ కదలదు. అయితే తలుపుకు, తివాచీకి మధ్య కనీసం అర సెంటీమీటరు సందు ఉన్నచోటే ఇది కుదురుతుంది.

చిన్నపిల్లల గదికి హ్యాండిల్ పట్టీ

ఖుర్ఆన్ తరగతి గదిలో, బాలవాడి గదిలో బరువు సంచి ఒక్కటే చాలదు. పిల్లలు దాన్ని ఎత్తుకుని ఆడుకుంటారు. అక్కడ దూదిపట్టీ కూడా వేయాలి. అరచెయ్యంత వెడల్పు గుడ్డలో పాత దుప్పటి ముక్కలు మూడు నాలుగు పొరలు పెట్టి కుట్టి, రెండు కొసలకు ఎలాస్టిక్ ఉచ్చులు వేయండి. ఒక ఉచ్చు బయటి హ్యాండిల్‌కు, రెండోది లోపలి హ్యాండిల్‌కు తగిలించండి. పట్టీ తలుపు అంచు మీదుగా వెళుతుంది. గాలికి తలుపు వచ్చినా పూర్తిగా మూసుకోదు, మెత్తగా ఆగుతుంది. లోపల గడియ పడి పిల్లలు చిక్కుకుపోయే భయం కూడా తగ్గుతుంది. అయితే ఇది బందుల వైపు సందును కాపాడదు. ఆ వైపు పిల్లలను కూర్చోబెట్టకుండా చూడటం పెద్దల పని.

ఒకవేళ వేలు నలిగితే వెంటనే చల్లని నీళ్లలో ఉంచాలి. ఉంగరం ఉంటే వాపు రాకముందే తీసేయాలి. వేలు వంకర తిరిగినా, గోరు కింద రక్తం గడ్డకట్టినా, రక్తం ఆగకపోయినా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి.

జంఖానా వేసిన గదుల్లో

తివాచీకి, జంఖానాకు తేడా ఉంది. ఏలూరు తివాచీలలాగా కుచ్చు ఉన్నవి మందంగా, బరువుగా ఉండి కదలవు. వాటి మీద సంచి నిలుస్తుంది. వరంగల్ కొత్తవాడ నేతగాళ్లు నేసే జంఖానాల వంటివి పలుచన, కుచ్చు లేనివి. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ జంఖానాలు మన్నికకు పేరు పొందాయి. కానీ నున్నని టైల్స్ మీద వదులుగా పరిచిన జంఖానా సంచితో పాటు జారుతుంది. తలుపు ఆగదు సరికదా, ముడత పడిన జంఖానా కాలికి తట్టుకుంటుంది. అలాంటి గదిలో జంఖానాను గుమ్మానికి మూర దూరం వెనక్కి జరిపి, సంచిని వట్టి నేలమీదే పెట్టాలి. నేలమీద పెట్టే సంచి అడుగుకు పాత సైకిల్ ట్యూబు ముక్క కుడితే పట్టు బాగుంటుంది. ఆ ట్యూబు సంచిని తివాచీ మీద వాడవద్దు, లేతరంగు తివాచీకి నల్లమరక పడవచ్చు.

పాటించవలసిన జాగ్రత్తలు

దారికి అడ్డు తొలగించడం సదఖా అని మనమంతా చిన్నప్పటి నుంచి విన్నవాళ్లమే. తలుపు ఆపడానికి మనం పెట్టిన సంచే దారికి అడ్డు కాకూడదు. తలుపును గోడవైపు పూర్తిగా తీసి, సంచి పొడవు తలుపు వెంబడి వచ్చేలా పెట్టాలి. అప్పుడు అది నడిచే దారిలోకి నాలుగంగుళాలకు మించి రాదు. అడ్డంగా పెడితే దానికి రెట్టింపు వస్తుంది.

చూపు తగ్గినవారికి సంచి స్పష్టంగా కనిపించాలి. ఆకుపచ్చ తివాచీ మీద ఆకుపచ్చ సంచి పెడితే తట్టుకుని పడతారు. తివాచీ ముదురు రంగైతే సంచి పసుపో తెలుపో ఉండాలి.

పై తొడుగుకు గుడ్డ ఎంచేటప్పుడు ఒక్కసారి విప్పి చూడండి. జల్సాలకు కట్టిన పాత బ్యానర్ గుడ్డలు గట్టిగా ఉంటాయని కొందరు వాడతారు. వాటిమీద అల్లాహ్ నామం, ఆయతులు, దైవప్రవక్త (స) పేరు ఉండవచ్చు. కాళ్ల దగ్గర ఉండే వస్తువుకు అలాంటి గుడ్డ ముక్క కూడా చేరకూడదు.

వారానికి ఒకసారి సంచి ఎత్తి కింద తుడవాలి. ఒకేచోట నెలల తరబడి ఉంచితే తివాచీ కుచ్చు అణిగిపోతుంది, దుమ్ము చేరుతుంది. కుట్టు ఎక్కడైనా విడిపోతుంటే ఇసుక రాలకముందే కుట్టేయాలి.

పెద్ద భవనాల్లో మెట్లదారి దగ్గర, తమంతట తామే మూసుకునేలా బిగించిన అగ్నిమాపక తలుపులు ఉంటాయి. మంట, పొగ మెట్లమీదికి రాకుండా ఆపేది అవే. వాటికి మాత్రం ఏ సంచీ అడ్డం పెట్టవద్దు.

దాతలకు మా మనవి

తివాచీ ఖరీదు ముందు ఈ సంచి ఖర్చు లెక్కలోకి రాదు. జిప్పు, దారం తప్ప కొనవలసినది లేదు. అందుకే ఎవరూ దీన్ని దానంగా అనుకోరు, ఎవరూ ఇవ్వరు. కానీ తివాచీని చిరగకుండా, బిడ్డ వేలిని నలగకుండా, సహాయం కోరి వచ్చినవారిని వరండాలో నిలబడిపోకుండా చేసేది ఇదే.

ఇకమీదట ఏ గదికి తివాచీ ఇచ్చినా ఆ గదికి ఎన్ని తలుపులో లెక్కపెట్టి, తలుపుకొక సంచి చొప్పున కలిపి ఇవ్వండి. మీ ఇంట్లో పాత జీన్స్, సోఫా గుడ్డలు, పరదా ముక్కలు ఉంటే ఉతికి, మన కుట్టు శిక్షణ తరగతికి పంపండి. కుట్టు నేర్చుకుంటున్న ఆడపిల్లలకు మూలలు కలిపి కుట్టడం, జిప్పు వేయడం, మందపు గుడ్డ మీద మిషను నడపడం మూడూ ఈ ఒక్క సంచిలో అభ్యాసమవుతాయి. వారి చేత కుట్టించుకున్నప్పుడు కూలి తప్పకుండా ఇవ్వండి. అది వారి హక్కు, దాన్ని దానంలో కలపకండి.

ముందుగా మీ ఇంటి నుంచే మొదలుపెట్టండి. ఈ రాత్రి ఇషా తర్వాత ఒకసారి ఇల్లంతా తిరిగి, ఏ తలుపు గాలికి కొట్టుకుంటున్నదో, ఏ తలుపు పక్కన పిల్లలు ఆడుకుంటున్నారో చూడండి. మొదటి సంచి ఆ తలుపుకే కుట్టండి. రెండో సంచి మస్జిద్‌లో మహిళల హాలు తలుపుకు ఇవ్వండి. అల్లాహ్ మన చిన్న పనులను కూడా స్వీకరించుగాక.